మొక్కలు పెంచండి.. కిటికీలూ తెరవండి

మణికొండ: 2018 వరకు గ్రామ పంచాయతీగా ఉన్న మణికొండ నేడు బహుళ అంతస్తుల భవనాలతో నిండిపోయింది. ఇక్కడి అపార్టుమెంట్లలో పచ్చదనం బాల్కనీ కుండీలకు, హాలులోని మనీప్లాంట్ సీసాలకు పరిమితమైంది. స్నేక్ ప్లాంట్, పీస్ లిల్లీ వంటి వాటిని ‘గాలిని శుద్ధి చేసే మొక్కలు’ అని నమ్మి కొనేవారు ఎందరో. ఆ నమ్మకంలో నిజమెంత?

ఇలా మొదలైంది..
1989లో నాసా శాస్త్రవేత్త బిల్ వోల్వర్టన్ బృందం ఇంటి మొక్కలపై ఒక నివేదిక వెలువరించింది. గాలి చొరబడని చిన్న గదుల్లో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనాలను వదిలి మొక్కలను ఉంచగా వాటి మోతాదు తగ్గింది. ఆకులతో పాటు వేర్ల వద్ద మట్టిలోని సూక్ష్మజీవులూ ఇందుకు తోడ్పడ్డాయి. అయితే మన ఇల్లు అలా మూసిన గది కాదు. తలుపుల సందుల నుంచి గాలి వచ్చిపోతూనే ఉంటుంది.

900 కుండీలు కావాలి
అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాలను తిరిగి లెక్కగట్టి 2019లో ఫలితాలు ప్రకటించారు. భవనంలో సహజంగా జరిగే గాలి మార్పిడికి సమానంగా మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం 10 ఉండాలని తేల్చారు. ఈ లెక్కన 1,000 చదరపు అడుగుల ఫ్లాటుకు 900కు పైగా కుండీలు అవసరం. నాలుగైదు కుండీలతో గాలి శుభ్రపడదు.

కాలుష్యం ఇంట్లోనే
కొత్త ప్లైవుడ్ అల్మారాలు, రంగులు, వంటింటి పొగ, అగరొత్తులు, దోమల కాయిల్స్ ఇంటి గాలిని పాడుచేస్తాయి. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోనికి తేదు, ఉన్న గాలినే చల్లబరుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో మొక్కలనే నమ్ముకుని తలుపులు బిగించుకోవడం మంచిది కాదు. వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరిగా వేయాలి. వాహనాల రద్దీ, నిర్మాణాల దుమ్ము తక్కువగా ఉన్న వేళ ఎదురెదురు కిటికీలు కాసేపు తెరిచి ఉంచాలి.

ఈ జాగ్రత్తలు పాటించాలి
* డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నిల్వ నీటిలో గుడ్లు పెడుతుంది. మనీప్లాంట్ సీసాలో నీటిని వారానికి ఒకసారైనా పారబోసి, సీసాను లోపల రుద్ది కడగాలి. కుండీల కింద పళ్లేలను ఆరబెట్టాలి.
* మనీప్లాంట్, డైఫెన్‌బాకియా ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లలకు అందకుండా ఉంచాలి.
* మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచితే బూజు పడుతుంది. పైమట్టి ఆరిన తర్వాతే నీరు పోయాలి.

రాత్రివేళ మొక్కలు వదిలే కార్బన్ డయాక్సైడ్ అత్యల్పం కనుక పడకగదిలో ఒకటి రెండు కుండీలున్నా భయం లేదు. రోజంతా కంప్యూటర్ ముందు గడిపి వచ్చిన వారికి పచ్చని ఆకు కంటికి ఇంపు, మనసుకు ఊరట. మొక్కను ఆ ఆనందం కోసం పెంచుకోవాలి. గాలి కోసం మాత్రం కిటికీ తెరవాల్సిందే.