రక్తపరీక్షలోని రెండు అంకెలు
హెపటైటిస్ సి వ్యాధిగ్రస్తులు తెలిసికొనవలసిన సంగతులు

1955వ సంవత్సరమున యమునా నదికి పెద్ద వరద వచ్చెను. వరద తీసిన పిమ్మట నది తన త్రోవ మార్చుకొనగా, నజఫ్‌గఢ్ కాలువలోని మురుగునీరు వజీరాబాదు వద్ద ఢిల్లీ నగరమునకు త్రాగునీరు తోడు స్థలమునకు చేరెను. ఆ డిసెంబరు, 1956 జనవరి మాసములలో 29,000 మందికి పైగా పౌరులు పచ్చకామెర్ల పాలైరి. ఆ వ్యాధిని కలిగించిన వైరసు నాడు ఎవరికిని తెలియదు. నేడు దానిని హెపటైటిస్ ఇ అని పిలుచుచున్నారు.

ఆనాటి వ్యాధి కంటికి కనబడెను. కన్నులు పచ్చబడినవి, అన్నము సహింపలేదు, రోగి మంచము పట్టెను. కాని కాలేయమునకు హాని చేయు వైరసులన్నియు ఇట్లు చాటింపు వేసికొని రావు. 1989లో కనుగొనబడిన హెపటైటిస్ సి వైరసు నీటి వలన గాక రక్తము వలన వ్యాపించును. అది సోకిన వారిలో పెక్కుమందికి కామెర్లు రావు. కొందరిలో ఆరు మాసములలోపల తనంతట తానే పోవును. సుమారు 70 శాతము మందిలో మాత్రము స్థిరపడి, ఏండ్ల తరబడి చప్పుడు లేకుండ కాలేయమును తినివేయుచుండును.

చీటీలోని అంకెలు

ఇట్టి రోగి చేతికి వచ్చు పరీక్షా ఫలితపు చీటీలో రెండు అంకెలు ముఖ్యముగా కనబడును. మొదటిది వైరల్ లోడు. అనగా ఒక మిల్లీలీటరు రక్తములో వైరసు ఎంత కలదో తెలుపు లెక్క. ఇది వేలలో ఉండవచ్చును, లక్షలలో ఉండవచ్చును, కోటిని దాటవచ్చును. రెండవది ఎస్.జి.పి.టి.; దీనినే ఏ.ఎల్.టి. అనియు అందురు. ఇది కాలేయ కణములలో నుండు ఒక ఎంజైము. కణము దెబ్బతిన్నప్పుడు ఇది రక్తములోనికి కారును. ఇట్టి ఎంజైములను రక్తములో కొలిచి కాలేయ వ్యాధిని గుర్తించు పద్ధతి 1955లోనే న్యూయార్కులోను, నేపుల్సులోను వెలువడినది.

ఢిల్లీలో ఒకే కార్యాలయమున పనిచేయు ఇద్దరు ఉద్యోగులను ఊహించుకొనుడు. మొదటి వానికి వైరల్ లోడు 60 లక్షలు, ఎస్.జి.పి.టి. 28. రెండవ వానికి వైరల్ లోడు 90 వేలు, ఎస్.జి.పి.టి. 110. మొదటివాడు లక్షల లెక్క చూచి, తనకిక ఆయువు లేదని కుమిలిపోవును. రెండవవాడు తనకు వైరసు కొద్దిగానే యున్నదని ఊరడిల్లి, వైద్యుని యొద్దకు పోవుట మానును. ఇద్దరును పొరబడినవారే. ఎవరి కాలేయము ఎక్కువ చెడినదో ఈ రెండు అంకెలను మాత్రమే చూచి నిర్ణయించుట సాధ్యము గాదు.

అంకెలు ఏల పొందికపడవు?

కాలేయమును ఒక గ్రామముగా భావింపవచ్చును. ఊరిలో ఎందరు దొంగలు చొరబడిరనునది వైరల్ లోడు. అయితే ఇండ్లను కూల్చునది దొంగలు మాత్రమే కాదు. దొంగలు దాగిన ఇండ్లపై ఊరి కావలివారు జరుపు దాడియే ముఖ్యకారణము. శరీర రక్షణ వ్యవస్థ ఈ కావలివాని వంటిది. ఆ పోరులో నేడు లేచిన దుమ్ము ఎస్.జి.పి.టి. ఏండ్ల తరబడి ఎన్ని గోడలు కూలినవనునది వేరొక లెక్క. దానిని పై రెండు అంకెలును చెప్పజాలవు.

దీర్ఘకాల హెపటైటిస్ సి గలవారిలో నాలుగవ వంతునకు తక్కువ గాకుండ జనులకు ఎస్.జి.పి.టి. సామాన్య స్థితిలోనే యుండును. వారిలోను కొందరి కాలేయము మచ్చలు కట్టి గట్టిపడి యుండును. సిర్రోసిస్ ముదిరినప్పుడు కూలుటకు మిగిలిన ఇండ్లే తక్కువ గనుక దుమ్మును తగ్గవచ్చును. ఆ తగ్గుదలను చూచి ఆరోగ్యము చేకూరినదని తలంచుట ప్రమాదకరము. మరియు కాలేయమున క్రొవ్వు చేరుట, మద్యపానము, కొన్ని మందుల వాడుక వలనను ఈ ఎంజైము పెరుగును. వైరల్ లోడు సైతము చికిత్స లేకయే హెచ్చుతగ్గులు చెందును. 5 లక్షలు 10 లక్షలైనంత మాత్రమున వ్యాధి రెండింతలైనట్లు కాదు.

కాలేయము ఎంత గట్టిపడినదో తెలియుటకు వైద్యులు రోగి వయస్సును, ఎంజైములను, రక్తములోని ప్లేట్‌లెట్ల సంఖ్యను కలిపి లెక్క కట్టుదురు. అవసరమైనచో ఫైబ్రోస్కాన్ అను పరీక్ష చేయుదురు. దీనికి సూది గాని కోత గాని అక్కరలేదు.

చికిత్స

పూర్వము ఈ వ్యాధికి ఇంటర్‌ఫెరాన్ సూదిమందును మాసముల తరబడి వేయవలసి యుండెను. అది పెక్కుమందికి దుర్భరమయ్యెను. నేడు నోటితో మ్రింగు మాత్రలు వచ్చినవి. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్బువిర్, డాక్లటాస్విర్ అను మందులను దినమున కొకసారి చొప్పున 84 దినములు ఇచ్చుదురు. క్రమము తప్పక వాడినచో నూటికి 90 మందికి పైగా స్వస్థులగుదురు. మందు ముగిసిన 12 వారములకు మరల పరీక్షింపగా వైరసు కనబడకున్నచో వ్యాధి నయమైనట్లే. వైరల్ లోడు పరీక్షకు గల ముఖ్య ప్రయోజనములు రెండే: వైరసు కలదా అని నిర్ధారించుట, అది పోయినదా అని రూఢి చేసికొనుట.

యాంటీబాడీ పరీక్ష మాత్రము నయమైన పిమ్మటను పాజిటివ్‌గానే యుండును, అందులకు భయపడనక్కరలేదు. సిర్రోసిస్ వచ్చినవారు వైరసు పోయిన తరువాతను ప్రతి ఆరు మాసములకు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకొనవలెను. వారికి కాలేయ క్యాన్సరు భయము పూర్తిగా తొలగదు.

భారత ప్రభుత్వము 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించి, పరీక్షలను, మందులను ఉచితముగా సమకూర్చుచున్నది. ఢిల్లీలో వసంత్ కుంజ్‌నందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివర్ అండ్ బిలియరీ సైన్సెస్ ప్రత్యేకముగా కాలేయ వ్యాధులకై నెలకొల్పబడిన సంస్థ. నోయిడా, ఘాజియాబాదు, గురుగ్రామ్, ఫరీదాబాదులలో నివసించువారు సమీప ప్రభుత్వాసుపత్రిలో విచారింపవచ్చును.

ప్రజల కర్తవ్యము

ఈ వ్యాధికి టీకా లేదు. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడనీయరాదు. క్షౌరశాలలో క్రొత్త బ్లేడు అడిగి వేయించుకొనవలెను. పచ్చబొట్టు సూది శుభ్రమైనదో కాదో తెలిసికొనవలెను. పూర్వము పరీక్షింపని రక్తము ఎక్కించుకొన్నవారును, డయాలిసిస్ చేయించుకొనువారును ఒకసారి పరీక్ష చేయించుకొనుట మేలు. రోగితో కలిసి భుజించుట వలన గాని, రోగిని తాకుట వలన గాని ఇది సోకదు. కావున అతనిని వేరు కంచమునకు, వేరు గదికి నెట్టుట అన్యాయము.

చీటీలో పెద్ద అంకె యున్నంత మాత్రమున అధైర్యపడరాదు. చిన్న అంకె యున్నంత మాత్రమున ఏమరుపాటు తగదు. వైరసు కలదని తేలినచో, అంకె ఏదైనను, చికిత్స పొందుటయే కర్తవ్యము.