వాగు సాక్ష్యం... జనం ప్రశ్న

పరిశ్రమ వస్తే ఉద్యోగాలొస్తాయి, నిజమే. మరి దాని మురుగు ఎటు పోతుంది? ఆ లెక్క ఇంజినీర్లు, అధికారులు చూసుకుంటే చాలా? చాలదంటోంది పటాన్‌చెరు అనుభవం.

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద వెళితే పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటాక వస్తుంది రుద్రారం. గణేశ్‌గడ్డకు వచ్చే భక్తులు, గీతం విద్యార్థులు, షిఫ్టుకెళ్లే కార్మికులతో ఎప్పుడూ సందడే. 1970ల్లో ఈ చుట్టుపక్కల పారిశ్రామికవాడ మొదలైంది. మందుల కంపెనీలొచ్చాయి. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర బాట పట్టాయి. పొలాలు పాడయ్యాయి. బావినీళ్లు నోట పెట్టుకోలేని స్థితి.

రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల బాధకూ, నీళ్ల కాలుష్యానికీ ఉన్న లంకెను ఊరూరా చెప్పారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2001లో హైకోర్టుకూ, తర్వాత గ్రీన్ ట్రైబ్యునల్‌కూ మారిన ఆ కేసులో తీర్పు వచ్చింది 2017లో!

ఈలోగా ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సమస్య తీరిందా? స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితాలు చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అంటే రోజుకు దాదాపు 45 కిలోలు! మామూలు పరీక్షల్లో ఆక్సిజన్, లవణాల లెక్కలే తప్ప మందుల అవశేషాలు వెతకరు. యంత్రం కొలవమన్నదే కొలుస్తుంది. ఏం కొలవాలో అడగాల్సింది మాత్రం ఆ నీళ్లతో బతికేవాళ్లే.

అడిగే దారి ఉందా?

ఉంది. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభను వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. అయితే ఓ మెలిక... ఆమోదం పొందిన పారిశ్రామికవాడల్లోపల పెట్టే యూనిట్లకు ఈ సభ అక్కర్లేదు. అక్కడ సమాచార హక్కు చట్టమే ఆయుధం. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతుల షరతులు, నీటి పరీక్షల ఫలితాలు అడిగి తీసుకోవచ్చు.

సభకు ఇంతమంది రావాలన్న కోరం నిబంధన కూడా లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే, జనం మాట తీసుకున్నట్టే. అందుకే ప్రకటన కనబడిన రోజున ఇంట్లో కూర్చుంటే, మన వాగు సంగతి మనం లేకుండానే తేలిపోతుంది!