పాకలేదని బెంగపడ్డాం.. పిలిస్తే పలికాడా?

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి ప్రొడక్షన్ అలర్ట్ అనుకున్నా. కాదు, మా బాబు కోసం వేసుకున్న యాప్. ‘మీ బేబీకి 9 నెలలు నిండాయి. పాకుతున్నాడా?’ కింద రెండు బటన్లు.. ‘అవును’, ‘ఇంకా లేదు’. రెండోది నొక్కా. స్క్రీన్ ఎర్రబడి, డాక్టర్‌ని సంప్రదించమంది. ఇక ఆ రాత్రి మా ఆవిడకి నిద్ర లేదు.

మేముండేది నాచారంలో. మా ఫ్లోర్‌లోనే వాడికంటే వారం చిన్నదైన పాప ఉంది. హాలంతా పాకేస్తోంది. ఆ వీడియోలు అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ వస్తుంటాయి. మావాడేమో కూర్చోబెడితే కూర్చుంటాడు, బోర్లా పడితే ఉన్నచోటే గడియారం ముల్లులా తిరుగుతాడు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం “ఏం కాదులేరా, నువ్వు పదహారో నెలకి గానీ నడవలేదు” అని తేల్చేసింది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులకు అరిసెలు.. ఇదీ అమ్మ లెక్క. గమనిస్తే ఇందులో ఎక్కడా నెలలుండవు. పిల్లాడు ఎప్పుడు పాకితే అప్పుడే పాయసం!

నా ఉద్యోగం ఉప్పల్‌లో. సర్వర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టీమ్. ఎర్ర అలర్ట్ వస్తే ముందు అడిగే ప్రశ్న.. ‘గీత ఎక్కడ పెట్టారు?’ అదే ఇక్కడా అడిగా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని గమనించి చేసింది. మోకాళ్లూ చేతుల మీద పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సాయం లేకుండా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. అంటే నా పదహారో నెల కూడా అందులోనే! నూటికి నలుగురు పిల్లలైతే అసలు ఇలా పాకనే లేదు. అమెరికాలోని సీడీసీ 2022లో తన జాబితాని మార్చినప్పుడు పాకడాన్ని ఏకంగా తీసేసింది. ఇంకో మార్పు నాకు బాగా నచ్చింది. అంతకుముందు చాలా జాబితాలు సగం మంది పిల్లలు ఓ పని చేసే వయసుని గీతగా పెట్టేవి. అలాగైతే మిగతా సగం ఇళ్లలో అలర్ట్ మోగినట్టేగా! ఇప్పుడు కనీసం 75 శాతం మంది చేసే వయసునే జాబితాలో రాస్తున్నారు.

మా తప్పు కూడా ఒకటి బయటపడింది. మావాడు ఆరు వారాలు ముందే పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలని రెండేళ్లు వచ్చేదాకా, డాక్టర్ ఇచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే. యాప్‌లో డ్యూ డేట్ గడి ‘ఆప్షనల్’ అని ఉంటే ఖాళీగా వదిలేశా. అంటే వాడి అసలు లెక్క ఏడున్నర నెలలే. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్లని రోజూ చూసేవాణ్ని, ఏడున్నర నెలలకే ఆలస్యం అంటే ఎలా ఒప్పుకుంటా!

హమ్మయ్య అనుకున్నాం. ఆ వారమే తొమ్మిదో నెల మీజిల్స్-రుబెల్లా టీకాకి అంగన్‌వాడీకి వెళ్లాం. మా ఆవిడ ఒళ్లో వాణ్ని ఆడిస్తోంది. టీచరమ్మ మాతా శిశు కార్డు చూస్తూ, వాడి వెనక్కి వెళ్లి, పేరు పెట్టి పిలిచింది. వాడు తిరగలేదు. స్టీలు గిన్నె మీద స్పూన్‌తో కొట్టింది. అప్పుడూ తిరగలేదు.

“సార్, బాబుకు చెవుల టెస్ట్ చేయించిన్రా?”

యాప్‌లో ‘పేరు పిలిస్తే చూస్తాడా?’ అన్న ప్రశ్న కూడా ఉంది. దానికి ‘అవును’ అని నొక్కింది నేనే. ఎదురుగా నిలబడి, నవ్వుతూ, చేతులూపుతూ పిలిచేవాణ్ని. వాడు చూసింది నా మొహాన్ని. పాకడం దగ్గర లేని ఆలస్యాన్ని చూపించిన యాప్, ఇక్కడ పచ్చ టిక్ పెట్టి ఊరుకుంది. తప్పు డేటా ఇచ్చింది నేనే కదా.

ఇంటికొచ్చి డిశ్చార్జ్ కాగితాలు తీశాం. వాడు పుట్టగానే తొమ్మిది రోజులు ఎన్ఐసీయూలో ఉన్నాడు. చివరి పేజీలో ‘వినికిడి పరీక్ష చేయించాలి’ అని రాసే ఉంది. బరువు, పాలు, కామెర్ల హడావుడిలో ఆ లైన్ మా కంట పడలేదు. మామూలుగా వినికిడి పరీక్ష మొదటి నెలలోపు, లోపం ఉంటే నిర్ధారణ మూడు నెలల్లోపు, చికిత్స ఆరు నెలల్లోపు మొదలవ్వాలంటారు. మేం మూడూ దాటేశాం.

బెరా పరీక్ష పిల్లాడు నిద్రపోతేనే చేస్తారు. ఆసుపత్రి కారిడార్‌లో గంటన్నర ఊపాను, నిద్రపోడే! రిపోర్టులో రెండు చెవుల్లోనూ వినికిడి కొంత తక్కువని వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరిందట. జలుబుల తర్వాత పిల్లల్లో ఇది మామూలేననీ, చాలామందికి అదే తగ్గుతుందనీ, మూడు నెలలాగి మళ్లీ పరీక్షించాకే గట్టిగా చెప్పగలమనీ డాక్టర్ అన్నారు. “వాడికదే తగ్గుతుందిలే అని మూడో నెల తర్వాత రాకుండా ఉండొద్దు” అని కూడా చెప్పారు.

ఇలాంటి అనుమానముంటే అంగన్‌వాడీలో అడగడానికి మొహమాటం వద్దు. పిల్లల్లో ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది, ఉచితం. వినికిడికి కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, పక్కనే 1984లో పెట్టిన మానసిక వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నాయి. మెట్రోలో రోజూ అటూ ఇటూ తిరిగే నాకు ఇవేవీ తెలీదు.

యాప్ తీసెయ్యలేదు. డ్యూ డేట్ ఎక్కించా. పేరు పిలిచే ప్రశ్న దగ్గర పచ్చ టిక్ తీసేసి ‘ఇంకా లేదు’ నొక్కా. మొన్న కుక్కర్ విజిల్‌కి వాడు తల తిప్పాడు. మా ఆవిడ వెంటనే నన్ను చూసింది. ఇంకోసారి విజిల్ వచ్చేదాకా ఇద్దరం స్టవ్ దగ్గరే నిలబడ్డాం. రివ్యూ వచ్చే నెల పన్నెండున. పాకడం ఇంకా రాలేదు. అమ్మ మాత్రం సేమ్యా తెప్పించి పెట్టింది.