తాగుడూ మనోవ్యాధీ కలిసి వస్తే: కన్నవాళ్ళు ఏం చేయాలి?

"ముందు తాగుడు మానమనండి, మనసు దానంతట అదే కుదుటపడుతుంది." హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో మేము తరచుగా వినే మాట ఇది. ఇందులో నిజం సగమే. గంజాయి, మద్యం వల్ల అనుమానాలు, భయాలు రావడం ఉంది. దిగులో, చెవిలో వినబడే మాటలో భరించలేక మత్తును పట్టుకోవడమూ ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంట్లో తేలే లెక్క కాదు. ఒకదానికే వైద్యం చేయిస్తే రెండోది మళ్ళీ మొదటిదాన్ని లాక్కొస్తుంది. కనుక డాక్టరుకు రెండూ చెప్పాలి.

మన వాళ్ళు తాగుడు సంగతి చెప్పుకుంటారు గానీ మనసు సంగతి దాచేస్తారు. సంబంధాలు రావని భయం. పెళ్ళి చేస్తే దారికొస్తాడనే పెద్దలూ ఉన్నారు. పరాయి ఇంటి ఆడపిల్లను మందుగా వాడటం న్యాయం కాదని మా అభిప్రాయం.

రెండు పనులు మాత్రం అసలు చేయకండి. రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అది డాక్టరు చూస్తుండగా జరగాల్సిన పని. ఇక రెండోది, తెలియకుండా అన్నంలో కలపమని అమ్మే పొడులు, మాత్రలు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వచ్చి రక్తపోటు పడిపోతుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇవ్వాల్సిన మాత్ర అది.

గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. 2001 ఆగస్టులో మన రాష్ట్రంలోనే ఎర్వాడిలో మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసిన రోగులు పారిపోలేక కాలిపోయారు. 18 నిండిన బిడ్డను ఆస్పత్రిలో చేర్చడానికి మామూలుగా అతని ఒప్పుదల కావాలి. తనకో ఇతరులకో ప్రమాదం ఉండే స్థితిలో మాత్రం అతని తరఫు ప్రతినిధి దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు.

చచ్చిపోతానంటే బెదిరింపని కొట్టిపారేయకండి. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మామిడితోటలకు తెచ్చిన పురుగుమందు, ఇంట్లోని మాత్రలు తాళంలో పెట్టండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది. కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయవద్దు.

మత్తులో ఉన్నప్పుడు వాదించి లాభం లేదు. తెల్లారి, తేరుకున్నాక మాట్లాడండి. చేతికి డబ్బివ్వకుండా అద్దె, ఫీజు మీరే కట్టండి. దిగులుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే "గుణం కనబడలేదు" అని ఆపేసే ఇళ్ళు చాలా.

కన్నవాళ్ళకూ సాయం కావాలి. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ప్రారంభించిన సంస్థ నడిపే టి.టి.కె. ఆస్పత్రిలో రోగితో పాటు కుటుంబానికీ వేరుగా కార్యక్రమం ఉంటుంది. హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో మానసిక వైద్యం, వ్యసన వైద్యం రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

భాష సంగతి చిన్నది కాదు. ఆఫీసులో తమిళం, బెంగళూరులో కన్నడం మాట్లాడే పిల్లవాడు కూడా భయాన్ని అమ్మతో మాట్లాడే భాషలోనే సరిగ్గా చెప్పగలడు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాషల్లో తెలుగు ఉంది. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు, నిద్ర ఎప్పటి నుంచి తప్పిందో రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి.