పొగగొట్టమునకు పూత: ఇంజనుకు బలమా?



2019 లో పెనుకొండ చేరువ యెఱ్ఱమంచివద్ద, అప్పటి అనంతపురము జిల్లాలో, కియా కార్ల ఉత్పత్తి ప్రారంభమైన నాటనుండి ఇంజనులనుగూర్చి నన్ను పలువురు ప్రశ్నించుచున్నారు. మొన్న మా మేనల్లుడు వచ్చి, "మామా, ట్రాక్టరు పొగగొట్టమునకు వేడి నాపు పూత పూయించినచో బలము హెచ్చి డీజిలు తగ్గునని యొక వర్తకుడు చెప్పినాడు. అప్పు తెచ్చి పూయింతునా?" అని యడిగినాడు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించుకొను మనకు అప్పనగా తేలిక మాట కాదు. కావున నతనికి చెప్పినదే మీకును విన్నవించెదను.

ఇంజనులో కాలిన నూనెవేడిలో సుమారు మూడవవంతే పనిగా మారును. ఇంచుమించు మరియొక మూడవవంతు పొగతో పోవును. తక్కినది రేడియేటరు నీటిద్వారా, ఇతర విధములను పోవును. జిర్కోనియావంటి పింగాణి పదార్థములతో చేసిన పూత, పొగలోని వేడిని గొట్టము దాటనీయదు. అయితే సంగటికుండకు గుడ్డ చుట్టినచో వేడి నిలుచును గాని సంగటి పెరుగదు గదా!

ఇందు మేలు బొత్తిగా లేదనను. ఇంజను ప్రక్కనుండు మొదటి గొట్టమునకు పూసినచో మూతక్రింది వేడి తగ్గును. ఇంజను పీల్చుగాలి 3 డిగ్రీలు చల్లబడిన, అదే చోటున నూటికి సుమారొక పాలు గాలి యెక్కువగా పట్టును. టర్బోగల ఇంజనులో చక్రమును త్రిప్పునది పొగయే; అది వేడి తగ్గక చేరినచో త్రోపు కొంత హెచ్చును. పందెపుకార్లకు ఈ స్వల్పలాభమే గొప్ప. దుక్కిలో నది కానరాదు. మూతపైకి బయలుగాలిలో నిలిచిన గొట్టమునకు పూసిన పూత యింజనుకు బలమీయదు. పొగ యప్పటికే తన పని ముగించుకొని పోవుచున్నది.

ఆస్‌బెస్టాసు గుడ్డ చుట్టుట మఱియు కీడు. దాని ధూళి ఊపిరితిత్తులను చెఱచును. తేమ నిలిచి గొట్టము త్రుప్పు పట్టును.

మన సీమకు అసలు శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టరు పూడినచో గాలి చాలక నల్లపొగ వచ్చును, డీజిలు వ్యర్థమగును. మేనల్లుని ట్రాక్టరు ఫిల్టరు విప్పి చూడగా మన్నుతో నిండియుండెను. దానిని మార్చిన పిమ్మట నల్లపొగ తగ్గినది. అప్పు తప్పినది.

కావున పెద్దలారా, పూతకు సొమ్ము తీయుటకు ముందు ఫిల్టరు విప్పి చూడుడు. సెలవు.