ఇంజను వేడెక్కిందా, ముల్లు అబద్ధమాడుతోందా?

కోల్‌కతాలో మే నెల మధ్యాహ్నం. హౌరా వంతెన మీద ఒక పాత మారుతీ వ్యాను ఆగుతూ, కదులుతూ పోతోందనుకోండి. డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు జరుగుతోంది. ఇంజను నిజంగానే వేడెక్కిందా? లేక ముల్లే తప్పు చూపుతోందా? సరిగ్గా తేల్చుకోకపోతే ఇంజను పాడవుతుంది, ఒక్కోసారి చేతులు కూడా కాలుతాయి. 1984లో మొదలైన ఈ వ్యాన్ల తయారీ 2019లో ఆగింది. ఈ నగరానికి దగ్గరలోని ఉత్తరపాడాలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగింది. తయారీ ఆగిన బండి పాతబడేకొద్దీ ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురవుతుంది.

ముందు ఇంజను సంగతి చూద్దాం. పెట్రోలు మండగా వచ్చే శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పడానికి పనికొస్తుంది. మిగిలినదాంట్లో కొంత పొగతో పోతుంది, కొంత ఇంజను లోహాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడిని నీరు రేడియేటరుకు మోసుకెళుతుంది. దారిలో థర్మోస్టాట్ అనే కవాటం ఉంటుంది. అందులోని మైనం సుమారు 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, వ్యాకోచించి, కవాటాన్ని తెరుస్తుంది.

నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని మీరు చదువుకున్నారు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న కోల్‌కతాలో ఇది నిజమే. సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న డార్జిలింగ్‌లో మాత్రం 93 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే రేడియేటరు మూతలో స్ప్రింగు పెట్టి లోపలి పీడనాన్ని పెంచుతారు. బయటి పీడనం కన్నా ఒక వాతావరణ పీడనం ఎక్కువైతే, కోల్‌కతాలో నీరు 120 డిగ్రీల దాకా మరగదు. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది! మూత రబ్బరు పాడైతే ఈ రక్షణ పోతుంది.

ఇక ముల్లు సంగతి. ఇంజను నీటిలో మునిగి ఉండే చిన్న సెన్సారులో థర్మిస్టర్ ఉంటుంది. లోహాల నిరోధం వేడితో పెరుగుతుంది, దీని నిరోధం తగ్గుతుంది. ఇలాంటి ప్రవర్తనను మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు. నీరు వేడెక్కితే నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, ముల్లు పైకి పోతుంది.

ఈ ఒక్క సూత్రంతో చాలా పాత బండ్లలో లోపాన్ని పట్టుకోవచ్చు. సెన్సారు తీగ తెగితే కరెంటు ఉండదు కనుక ముల్లు చల్లగానే చూపుతుంది. తీగ ఇంజను లోహానికి తగిలితే ముల్లు ఒక్కసారిగా చివరికి లేస్తుంది. అతుకుల్లో తుప్పు పడితే అదనపు నిరోధం చేరి, అసలు కన్నా తక్కువ చూపుతుంది. కొన్ని పాత బండ్లలో ఉష్ణోగ్రత ముల్లుకూ, పెట్రోలు ముల్లుకూ ఒకే వోల్టేజి నియంత్రకం ఉంటుంది. రెండూ కలిసి పైకి పోతే అనుమానించవలసింది ఇంజనును కాదు, ఆ నియంత్రకాన్ని.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అబద్ధం మరొకటి ఉంది. నీరు కారిపోతే సెన్సారు గాలిలో మిగులుతుంది. గాలి నీటిలా వేడిని అందించలేదు. ఇంజను మాడిపోతున్నా ముల్లు కిందే ఉండవచ్చు!

ముల్లు నిజమే చెబుతోందని తేలితే, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, బండి సాగగానే చల్లబడితే ఫ్యాను లోపం కావచ్చు. వేగంలోనో, ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడో వేడెక్కితే రేడియేటరు గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు. ఉప్పునీరు పోసినప్పుడు పేరుకునే సున్నపు పొర, లోహంతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. బయలుదేరిన కాసేపటికే వేడెక్కుతూ, రేడియేటరు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదేమో చూడాలి. రేడియేటరులో ఆగకుండా బుడగలు వస్తుంటే, ఇంజను ఆయిలు పాలలా మారితే, హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు.

ఇంజను వేడిగా ఉండగా మూత మాత్రం తియ్యకండి. ఎందుకో లెక్క వేద్దాం. లోపల 110 డిగ్రీల నీరు ఉందనుకోండి. మూత తీయగానే పీడనం పడిపోయి నీరు 100 డిగ్రీలకు దిగాలి. ఆ 10 డిగ్రీల వేడితో ప్రతి లీటరులోనూ సుమారు 18 గ్రాముల నీరు ఆవిరవుతుంది. దాని పరిమాణం దాదాపు 30 లీటర్లు! ఆ ఆవిరి మరిగే నీటిని మీ ముఖం మీదికే ఎగజిమ్ముతుంది. బండి ఆపి, ఇంజను కట్టేసి, పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాతే నీటి మట్టం చూడండి.

ఈ సూత్రాన్ని మీ ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్‌ను నీరు తగలకుండా పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, గోరువెచ్చని నీటి నుంచి వేడినీటి దాకా ముంచుతూ మల్టీమీటరుతో కొలవండి. పక్కన థర్మామీటరు ఉంచి గ్రాఫు గీయండి. అది సరళరేఖ కాదు, వంపు. తర్వాత థర్మిస్టర్‌కు శ్రేణిలో ఒక కిలో ఓమ్ నిరోధాన్ని కలిపి మళ్ళీ కొలవండి. నీరు ఎంత వేడిగా ఉన్నా, మీటరు దాన్ని తక్కువ వేడిగా చూపుతుంది. తుప్పు పట్టిన తీగ డ్రైవరుకు చెప్పే అబద్ధం సరిగ్గా ఇదే.