పట్నం హోటల్లో మన పల్లె - పళ్లెంలో మన సంగటి

తిరుపతి: వాకిట్లో ఎద్దులు లేని బండి. పైన బోదగడ్డి కప్పిన పందిరి. పందిరి గుంజలకు వేలాడే లాంతర్లు, వాటిలో కిరసనాయిలుకు బదులు కరెంటు బల్బులు. గోడకు చేటలు, జల్లెడలు, ఒక కాడిమాను. మూలన రోలు, రోకలి, పక్కనే తిరగలి. రోట్లో రుబ్బడానికి ఏమీ లేదు, పూలు తేలేసిన నీళ్లున్నాయి.

ఇది ఏ పల్లెలోనో కాపుదనపు ఇల్లు కాదు. పట్నంలో భోజన హోటలు. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోనూ, బెంగుళూరు, మద్రాసు వైపు పోయే రహదారుల పక్కనా ఇలా పల్లె వేషం కట్టిన హోటళ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వేషంలో కొద్దిపాటి తేడాలున్నా, వడ్డించే వంటకం మాత్రం దాదాపు ఒకటే. రాగి సంగటి.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఇలాంటి చోట బల్లలు నిండిపోతాయి. కొండ దిగివచ్చిన యాత్రికులు, ఆఫీసుల నుంచి వచ్చిన ఉద్యోగులు, కారులో పిల్లాపాపలతో దిగిన కుటుంబాలు. తిరుమలపైన మాంసాహారం నిషిద్ధం గనుక సంగటిలోకి నాటుకోడి పులుసు కావాలన్నవారు దిగువ తిరుపతికి రావలసిందే. ఆకులో ముద్ద, ముద్ద నడుమ గుంటలో నెయ్యి, పక్కన పులుసు, చెనక్కాయల ఊరిబిండి, చింతాకు పప్పు. ముద్దను కొరకాలా, మింగాలా అని కొత్తవారు పక్క బల్లవైపు చూస్తారు. పిల్లలు తిరగలి పిడి పట్టుకొని తిప్పి చూస్తారు. అది ఆటవస్తువని వాళ్ల నమ్మకం.

పల్లె నుంచి ఆసుపత్రి పనికో, కోర్టు పనికో వచ్చి అక్కడ కూర్చున్న రైతుకు మాత్రం నవ్వొస్తుంది. ఆ బండి గాను, ఆ తిరగలి ఆయన దొడ్లో వానకు తడుస్తూ పడివున్నవే. ఆ ముద్ద ఆయన తల్లి రోజూ కట్టెపొయ్యి మీద గెలికినదే.

వేషం కట్టిన హోటళ్లు

హోటలుకు వేషం కట్టడం మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. అహమ్మదాబాదులో 1978లోనే ‘విశాలా’ అనే హోటలు పల్లెటూరి తీరులో మొదలైంది. మట్టి గోడలు, లాంతరు వెలుగు, నేలమీద కూర్చొని ఆకులో భోజనం. జైపూర్ వద్ద ‘చోఖీ ధానీ’ 1989లో వచ్చింది. అక్కడ రాజస్థాన్ పల్లెనే కట్టిపెట్టారు. మన రాజధానిగా వున్న రోజుల్లో, 1992లో, హైదరాబాదులో శిల్పారామం వెలసింది. అందులోనూ పల్లె ఇళ్లను, కులవృత్తులను బొమ్మలతో చూపారు.

తరువాత వేషాలు పెరిగాయి. హైదరాబాదులో ‘ప్లాట్‌ఫాం 65’ అనే హోటల్లో బొమ్మ రైలు పట్టాలమీద వచ్చి బల్ల దగ్గర వంటకాలు దింపిపోతుంది. కాచిగూడ స్టేషన్ వద్ద 2023లో పాత రైలు పెట్టెలనే హోటలుగా మార్చారు. కొన్నిచోట్ల కటకటాల గదుల్లో కూర్చోబెట్టి, ఖైదీ దుస్తులవారిచేత బిర్యానీ వడ్డిస్తారు. డబ్బిచ్చి జైల్లో కూర్చోవడమేమిటని పెద్దలు ముక్కుమీద వేలేసుకున్నా, కుర్రకారు వరుస కడుతున్నారు.

కడుపు నింపుకోవడానికైతే ఏ మెస్సయినా చాలు. నలుగురితో కలిసి కాసేపు సరదాగా కూర్చోవడానికీ, ఫొటో తీసుకోవడానికీ జనం ఈ హోటళ్లకు వెళుతున్నారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే రైలు హోటలుకూ, జైలు హోటలుకూ లేని ఒక చిక్కు పల్లె హోటలుకు వుంది. అది చూపించే పల్లె ఇంకా బతికేవుంది. ఆ పల్లెకు ఈ వ్యాపారంలో ఏం దక్కుతోంది అన్నదే ప్రశ్న.

జైలుకెళ్లి గెలిచిన ధాన్యం

జైలు మాట వచ్చింది గనుక ఒక పాత కథ చెప్పుకోవాలి. పలమనేరు, కుప్పం దాటితే కన్నడసీమ. ఆ సీమలో పదహారో శతాబ్దపు భక్తకవి కనకదాసు ‘రామధాన్య చరితె’ అనే కావ్యం రాశాడు. వరికీ, రాగికీ నేను గొప్పంటే నేను గొప్పని తగవు వస్తుంది. తీర్పు చెప్పవలసిన రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టమంటాడు. గడువు తీరాక చూస్తే వరి చెడిపోయింది, రాగి చెక్కుచెదరలేదు. రాముడు రాగినే మెచ్చుకున్నాడు.

కథలోని కిటుకు రైతులకు తెలిసిందే. ఎండబెట్టిన రాగులకు పురుగు అంత తొందరగా పట్టదు. ఏళ్లతరబడి నిలువ వుంటాయి. అందుకే కరువులకు పేరుపడ్డ ఈ సీమలో పాతరల్లో రాగులు దాచేవారు. బలంలోనూ రాగిది పైచేయే. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం, అంటే కాల్షియం వుంటుంది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు మించదు. అయితే సంగటి షుగరు జబ్బుకు మందని, ఎంత తిన్నా ఫరవాలేదని కొందరు అనుకోవడం పొరపాటు. రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ముద్దకూ లెక్క వుండాలి.

చేలల్లోంచి ఎందుకు పోయింది?

ఇంత మేలైన పంట చేలల్లో తగ్గిపోవడానికి కారణాలు ఒకటి రెండు కావు. వాననమ్ముకున్న మెట్టల్లో వేరుశనగ చేతికి డబ్బు తెచ్చింది. బోర్లు పడ్డాక పడమటి మండలాల్లో టమోటా, మల్బరీ, తూర్పున మామిడి, చెరకు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడంతో పేదల ఇళ్లలో రోజూ అన్నం వుడికింది. పండుగనాడు మాత్రమే వరికూడు చూసిన ఇళ్లకు అది నిజంగా పండుగే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

కాని దానితోపాటు ఒక చిన్నచూపు కూడా వచ్చింది. సంగటి తినేవాడు లేనివాడు, అన్నం తినేవాడు వున్నవాడు అనే లెక్క స్థిరపడింది. చుట్టాలు వస్తే సంగటి చట్టిని చాటుకు నెట్టిన ఇళ్లు ఎన్నో. పైగా రాగి పని ఎక్కువ పంట. నారు పోయాలి, నాటాలి, వెన్నులు కోయాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి. విసరడం, గెలకడం ఆడవాళ్ల భుజాలమీద పడేది. తిరగలి మూలపడినప్పుడు వాళ్లు కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. ఆ సంగతి పల్లె హోటలు గోడమీది బొమ్మల్లో కనిపించదు.

కాలం మళ్లీ తిరిగింది. భారతదేశం కోరిక మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. తిరుపతి పక్కనే పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధనా స్థానం వారు ‘వకుళ’, ‘తిరుమల’ అనే రాగి రకాలను రూపొందించారు. చాటుకు నెట్టిన చట్టి ఇప్పుడు నడిబల్ల మీదికి వచ్చింది.

ముద్దలో రైతు వాటా

రాగికి కేంద్రం ఇచ్చే కనీస మద్దతు ధర 2017-18లో క్వింటాలుకు 1,900 రూపాయలు. మరుసటి ఏడాదే 2,897 అయింది. 2025-26కు 4,886 రూపాయలుగా ప్రకటించారు. అంటే కిలోకు సుమారు 49 రూపాయలు. ముద్దకు నూరు గ్రాముల పిండి అనుకుంటే, అందులోని రాగుల విలువ ఐదు రూపాయలు. హోటలువారు ముద్దను ఎంతకు అమ్మినా రైతు వాటా ఆ ఐదు రూపాయలే. అదీ మద్దతు ధర దక్కితేనే. కళ్లంలోనే దళారికి అమ్ముకున్నవారికి అంతకన్నా తక్కువ.

మిగిలినదంతా హోటలువారు దోచుకుంటున్నారని అనలేం. అద్దె, గ్యాసు, జీతాలు, బోదగడ్డి పందిరి, అన్నీ వాళ్లకు ఖర్చే. కాని రాగి నుంచి ముద్దదాకా వున్న మెట్లలో పల్లె ఒక్క మెట్టుమీదే, అట్టడుగు మెట్టుమీదే, కూర్చోవలసిన పనిలేదు.

రాగుల్ని రాళ్లు, మట్టి లేకుండా శుభ్రం చేసి, పిండి పట్టి, హోటలుకు నేరుగా పంపడం పొదుపు సంఘాలకు మించిన పనికాదు. పచ్చళ్లు, అప్పడాలు అమ్మిన చేతులే అవి. కల్తీలేని పిండి వారం వారం సమయానికి అందుతుందంటే హోటలువారికీ అంతకన్నా కావలసింది లేదు. ఒక ఇల్లు ఒంటరిగా పోతే బేరం కుదరదు, పదిమంది కలిసి పోతే కుదురుతుంది.

రెండోది చేతి నేర్పు. నూకలు వుడికించి, పైన పిండి కుప్పగా పోసి, కట్టెతో గుంత చేసి, మూతపెట్టి, ఆవిరికి మగ్గాక వుండ కట్టకుండా గెలకడం పుస్తకం చూస్తే వచ్చే విద్య కాదు. పిండి పచ్చి వాసన పోయిందో లేదో ముక్కుకు తెలియాలి, ముద్ద బిగువు తడిచేతికి తెలియాలి. పల్లెల్లో ఏభై దాటిన ఆడవాళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య. హోటలు వంటగదిలో ఆ విద్యకు జీతం వుంది. అడగడానికి సంకోచించరాదు.

మూడోది పాత సామాను. ‘విశాలా’ స్థాపించిన సురేంద్ర పటేల్ పాత ఇత్తడి, రాగి పాత్రలు కరిగించడానికి పోతుంటే చూడలేక కూడబెట్టి, 1981లో వాటికొక మ్యూజియమే పెట్టాడు. మన దగ్గర బండి గాన్లు, తిరగళ్లు, కపిల బానలు పాత ఇనుము లెక్కన, వంటచెరకు లెక్కన పోతున్నాయి. పట్నంలో వాటికి వెల కట్టి కొని గోడకు తగిలిస్తున్నారు. అమ్మేవారు ఆ వెల తెలుసుకొని అమ్మాలి. వూరికొక తిరగలి, ఒక కపిల బాన, ఒక కాడిమాను బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో పేరు రాసిపెట్టి వుంచితే, మన పిల్లలు వాటిని చూడడానికి హోటలుకు పోవలసిన అవసరం రాదు.

ఖరీఫ్ నారుమళ్ల వేళకు రాగి విత్తనం కావలసినవారు రైతు సేవా కేంద్రంలోనో, పెరుమాళ్లపల్లె స్థానంలోనో ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. ఎకరమో, అరెకరమో వేసినా ఇంటి చట్టికి సరిపోగా మిగిలినది పట్నానికి పంపవచ్చు. ముద్ద తిన్న యాత్రికుడు ‘ఈ రాగులు ఎక్కడివి’ అని అడిగితే, హోటలువారు గోడమీది బొమ్మను కాక ఫలానా వూరి పేరు చెప్పగలిగిన రోజున ఆ పల్లె వేషానికి అర్థం వుంటుంది.